షిర్డీ యాత్రతో పాటు నాసిక్ చిన్న వైనరీలు చూడాలని ఉంది, వెళ్ళినవాళ్ళు చెప్పండి

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. రథసప్తమి అయ్యాక అమ్మానాన్నల్ని షిర్డీ, త్రయంబకేశ్వరం తీసుకెళ్తున్నాను. మాది అరసవల్లి కాబట్టి రథసప్తమి దాటేదాకా కదలడం కుదరదు, ఇల్లంతా చుట్టాలే. దర్శనాలు అయ్యాక నాసిక్‌లో ఇంకో రెండు రోజులు ఉండి ద్రాక్ష తోటలు, వైన్ తయారుచేసే చోట్లు చూడాలని నాకూ మా ఆవిడకీ ఎప్పటినుంచో కోరిక.

నాసిక్‌లో పెద్ద వైన్ కంపెనీ సులా పేరు అందరికీ తెలుసు. దాని గురించి యూట్యూబ్‌లో కావలసినన్ని వీడియోలు ఉన్నాయి. నేను అడుగుతున్నది చిన్నవాటి గురించి. సొంత తోట పెట్టుకుని, ఇంటివాళ్ళే దగ్గరుండి వైన్ చేసుకునే చోట్లు. అలాంటి చోటికి మనలాంటి వాళ్ళం వెళ్తే రానిస్తారా? ముందుగా ఎవరితో మాట్లాడాలి? అమ్మానాన్న మందు వాసన కూడా పడనివాళ్ళు. వాళ్ళని హోటల్లో కూర్చోబెట్టి మేం తిరగడం నాకు ఇష్టం లేదు. వాళ్ళకి చూడ్డానికి ఏమైనా ఉంటుందా? వైన్ గురించి నాకు తెలిసింది తక్కువ, అ ఆల నుంచి చెప్పినా సంతోషమే.

చీపురుపల్లి టు నాసిక్

నాగావళి గారూ, మంచి రోజులు చూసుకున్నారు. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల నాసిక్‌లో స్థిరపడిపోయాం. ఊరి నుంచి ఎవరొచ్చినా త్రయంబకం, పంచవటి, ఆ తర్వాత ఒక తోట చూపించడం మా ఇంట్లో అలవాటైపోయింది.

ముందు సీజన్ సంగతి. యూరప్‌లో ద్రాక్షని ఆగస్టు, అక్టోబరు మధ్య కోస్తారు. ఇక్కడ ఆ నెలల్లో చాలావరకు వానలే. అందుకని తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, అది తీగ బలానికి. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోది, అది కాపుకి. ఆ తర్వాత వచ్చిన పూత, పిందె ముదిరి జనవరి నుంచి మార్చి లోపు కోతకొస్తుంది. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి చలికాలం రాత్రుళ్ళు బాగా చల్లబడుతుంది. పగటి ఎండకి పండులో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. వైన్‌కి ఆ రెండూ కావాలి. మీరు ఫిబ్రవరిలో వస్తే కోత, పిండటం, పులియబెట్టడం అన్నీ ఒకేరోజు చూడొచ్చు. జూలైలో కొండలు పచ్చగా ఉంటాయి గానీ వైనరీలో పెద్దగా పని జరగదు.

ఇక దిక్కులు. గంగాపూర్ డ్యామ్ వైపు సులాతో పాటు సోమా, యార్క్ ఉన్నాయి. యార్క్‌ని గుర్నానీ కుటుంబం 2006లో పెట్టింది, 2021లో సులా కొనుక్కుంది. అయినా చోటు చిన్నదే. డ్యామ్ నీళ్ళు కనపడేలా కూర్చోవచ్చు. మీ నాన్నగారికి చెప్పండి, ఆ డ్యామ్‌లో ఉన్నది గోదావరి. ముంబై రోడ్డు పట్టుకుని ఇగత్‌పురి వైపు వెళ్తే సంజేగావ్‌లో గ్రోవర్ జంపా, కావనై దగ్గర వలోనే వస్తాయి. వలోనే అచ్చంగా మీరు అడిగిన బాపతు. శైలేంద్ర పాయ్ గారు పెట్టారు. మాల్బెక్, వియోన్యే లాంటి మన దేశంలో అరుదుగా వేసే రకాలతో వైన్ చేస్తారు. పక్కనే ముకణే డ్యామ్ నీళ్ళు.

దిండోరి వైపు, వించూర్ వైపు బోర్డు కూడా సరిగ్గా కనపడని చిన్నవి ఉన్నాయి. కొన్ని ఒక ఏడాది జనాన్ని రానిస్తాయి, ఇంకో ఏడాది రానివ్వవు. అందుకే పేర్ల జాబితా పట్టుకుని బయల్దేరకండి. వారం ముందు ఫోన్ చేసి, హిందీలో, ఎంతమంది వస్తున్నారో, ఎవరు తాగుతారో, ఎవరు తాగరో విడమరిచి చెప్పండి. "తోట చూడాలి, తయారీ చూడాలి" అనండి. ఆ ముక్క వింటే వాళ్ళ గొంతే మారిపోతుంది. తాగడానికి వచ్చేవాళ్ళు వాళ్ళకి రోజూ ఉంటారు, తోట గురించి అడిగేవాళ్ళు తక్కువ.

రాజాం పుణె

రైలు సంగతి నేను చెప్తాను. శ్రీకాకుళం రోడ్, అదే మన ఆమదాలవలస స్టేషన్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, సోలాపూర్, పుణె, కల్యాణ్ మీదుగా ముంబై పోతుంది. ఒక పగలూ రాత్రీ దాటిన ప్రయాణం. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి కింది బెర్తులు చూసుకోండి. కల్యాణ్‌లో దిగితే నాసిక్ రోడ్‌కి బోలెడు రైళ్ళు. విశాఖ నుంచి నేరుగా షిర్డీకి వారానికోసారి రైలు ఉంది, మీ తేదీలకి కుదిరితే అదే సుఖం. షిర్డీ నుంచి నాసిక్ 90 కిలోమీటర్ల చిల్లర.

పుణెలో దిగేట్టయితే నాసిక్ రోడ్డు మీద నారాయణగావ్ వస్తుంది. 1980ల్లో శ్యాంరావ్ చౌగులే గారు ఫ్రాన్స్ పద్ధతిలో బుడగల వైన్ మొదలుపెట్టింది అక్కడే. మన దేశంలో ఇప్పుడున్న వైన్ పరిశ్రమకి అదొక పునాది. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాతెల్లీ అనే వైనరీ ఉంది, ఇటలీ అన్నదమ్ములూ మనవాళ్ళూ కలిసి పెట్టింది. కానీ పెద్దవాళ్ళతో అంత తిప్పట వద్దు. నాసిక్ ఒక్కటే పట్టుకోండి.

బొబ్బిలి టీచరమ్మ

నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. షిర్డీ, త్రయంబకం వెళ్తూ వైన్ కంపెనీలు చూడాలా? నేను ముప్ఫై ఏళ్ళకి పైగా బడిలో పనిచేశాను. నాన్న తాగొచ్చి కొట్టాడని రాత్రి పక్కింట్లో పడుకుని, పొద్దున్న పలక లేకుండా బడికొచ్చిన పిల్లల్ని చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు, ఆ కబురు మా ఊళ్ళకి ఎలా పాకిందో నాకు బాగా గుర్తు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యమే ఆపారు. 1997లో మళ్ళీ తలుపులు తెరిచారు. ఆ రెండేళ్ళూ మా పల్లెల్లో సాయంత్రాలు ఎలా ఉండేవో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మీరు సరదాగా ఒక గుక్క రుచి చూసి వస్తారు, నిజమే. ఆ మాట ఇక్కడ చదివే కుర్రాళ్ళకి ఎలా చేరుతుందో కూడా ఆలోచించండి.

నాగావళి ఒడ్డు

టీచరమ్మ గారూ, మీరన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. మా వీధిలోనూ అలాంటి ఇళ్ళు ఉన్నాయి. ముందు దర్శనాలు, ఆ తర్వాతే తోటలు. గుడికి వెళ్ళే రోజు వేరు, వైనరీకి వెళ్ళే రోజు వేరు పెట్టుకుంటాం. నాకు ఆసక్తి ఉన్నది ముఖ్యంగా రైతు ఈ పంట మీద ఎలా బతుకుతున్నాడన్నది. మీరు చెప్పింది మనసులో పెట్టుకునే వెళ్తాను.

చంపావతి (విజయనగరం)

నేను తాగను. మా వారు కొద్దిగా రుచి చూస్తారు. మేం దిండోరి వైపు ఒక చిన్న తోటకి వెళ్ళాం, అందుకని తాగనివాళ్ళ తరఫున నేను చెప్తాను.

ఆ ముందురోజు ఒక పెద్ద వైనరీకి వెళ్ళాం. శనివారం. పేరు చెప్పను. గుంపులు గుంపులుగా జనం. గైడ్ పాపం బట్టీ పట్టినట్టు చెప్పి పది నిమిషాల్లో బయటికి తోలేశాడు. చిన్న తోటలో అలా కాదు. తెల్లవారుజామునే రమ్మన్నారు, చీకటి ఉండగానే కోత మొదలవుతుందట. పండు వేడెక్కితే ట్యాంకులోకి చేరకముందే పులవడం మొదలవుతుంది, అందుకని చలి ఉండగానే కోసేస్తారు. తలకి చిన్న లైటు పెట్టుకుని ఆడవాళ్ళు వరుసల్లో కత్తెరలతో కోస్తున్నారు. వైన్ ద్రాక్ష మనం తినే ద్రాక్షలా ఉండదండీ. చిన్న గింజలు, మందం తొక్క, లోపల విత్తనాలు. నోట్లో వేసుకుంటే తేనెలా తీపి, వెంటనే తొక్క వగరు. వాళ్ళ పెద్దాయన ఒక పండు నలిపి విత్తనం తీసి నా చేతిలో పెట్టారు. "పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగుకొచ్చి కొరికితే కరకరలాడాలి" అన్నారు. మీటరు కూడా ఉంది, రసం చుక్క వేస్తే చక్కెర ఎంతో చూపిస్తుంది. ఆ రోజు నూటికి 23 చూపించింది. ఆయన మాత్రం విత్తనం కొరికి చూశాకే కత్తెర పట్టమన్నారు.

తర్వాత లోపలికి తీసుకెళ్ళారు. ఎర్ర వైన్ ట్యాంకు మూత తీసి చూపించారు. తొక్కలన్నీ పైకి తేలి దిబ్బరొట్టె మందాన గట్టిగా కట్టుకుపోయి ఉన్నాయి. ఒక కుర్రాడు పొడుగాటి స్టీలు కర్రతో దాన్ని కిందకి అదుముతున్నాడు. అదిమినచోట ముదురు ఊదారంగు రసం బుసబుసమని పైకొచ్చింది. రోజుకి రెండు మూడుసార్లు ఇలా చెయ్యకపోతే పైన ఎండిపోయి పాడవుతుందట, రంగు కూడా దిగదట. ద్రాక్ష రసానికి రంగు ఉండదు, రంగంతా తొక్కలోనే ఉందని నాకు అక్కడే తెలిసింది. తెల్ల వైన్‌కి తొక్క వెంటనే తీసేస్తారు. నేను వంగి చూడబోతే వెనక్కి లాగారు. ట్యాంకు మీద బొగ్గుపులుసు గాలి పేరుకుని ఉంటుంది, పీలిస్తే కళ్ళు తిరిగి లోపల పడిపోతారని చెప్పారు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి.

నాగావళి గారూ, మీ అమ్మానాన్నలకి కోత చాలు. మా అత్తగారు వరుసల మధ్య తిరిగి, వాళ్ళతో వచ్చీరాని హిందీలో గంటసేపు మాట్లాడారు. ఆవిడకి తాజా రసం ఇచ్చారు, పులవకముందు తీసింది.

బొబ్బిలి టీచరమ్మ

చంపావతి గారూ, మీరు రాసింది చదివాక ఒక మాట అడగాలనిపించింది. చీకట్లో కోసే ఆ ఆడవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? వాళ్ళకి గిట్టుబాటు కూలి ఉందా? నాగావళి గారు వెళ్తే అది తప్పకుండా అడగండి. తోట చూడటం అంటే అదీ చూడటమే.

చీపురుపల్లి టు నాసిక్

మంచి ప్రశ్న టీచరమ్మ గారూ. ఎక్కువమంది ఈ జిల్లాలోని పేఠ్, సుర్గాణా వైపు కొండ గ్రామాల గిరిజనులు. వానాకాలం సొంత పొలం, ఆ తర్వాత ద్రాక్ష తోటల్లో పని. చిన్న తోటల్లో యజమాని వరుసలోనే ఉంటాడు కాబట్టి నేరుగా అడగొచ్చు, దాచరు.

యజమానుల కథ కూడా తెలుసుకోండి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్ కోసం ప్రత్యేక విధానం తెచ్చి ఎక్సైజ్ సుంకం మాఫీ చేసింది. తినే ద్రాక్ష వేసే రైతులు చాలామంది వైన్ రకాలకి మారారు. కొందరు వాటా కలిపి వైనరీలే కట్టారు. 2008 మాంద్యం, ముంబై దాడుల తర్వాత హోటళ్ళు ఖాళీ అయ్యాయి. వైన్ కొనేవాళ్ళు లేక ట్యాంకులు నిండిపోయాయి. రైతులు నాటిన తీగల్ని తామే పీకేసి మళ్ళీ తినే ద్రాక్ష వేసుకున్నారు. అప్పుడు తట్టుకుని నిలిచినవాళ్ళే ఇప్పుడు మీరు చూడబోయే చిన్నవాళ్ళలో చాలామంది. ఆ రోజుల గురించి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్తారు. నన్నడిగితే రుచి చూడటం కన్నా అదే అసలు సంగతి.

పలాస జీడి

నాదొక సందేహం. మా వైపు పొద్దున్న దించిన తాటికల్లు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. వైన్‌కి నెలలెందుకు? ఇంకోటి, ఉద్దానంలో వేసవి వస్తే జీడిమామిడి పండ్లు చెట్ల కింద కుప్పలుగా కుళ్ళిపోతాయి. గింజ తీసుకుని పండు పారేస్తాం. గోవాలో అదే పండుతో ఫెనీ అనే మద్యం చేస్తారు, దానికి 2009లోనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వైపు ద్రాక్షగానీ, ఇలాంటిదేమైనా గానీ ఎందుకు రాలేదు?

నైరా అగ్రి

నేను నైరా వ్యవసాయ కళాశాలలో చదివాను, తెలిసినంత చెప్తాను.

కల్లులోనూ వైన్‌లోనూ పని చేసేది ఈస్టే. చక్కెరని తిని ఆల్కహాల్, బొగ్గుపులుసు గాలి వదులుతుంది. కల్లు తెరిచిన కుండలో, ఎండ వేడిలో, గాలిలో ఉన్న ఈస్టుతోనూ బ్యాక్టీరియాతోనూ పులుస్తుంది, అందుకే మర్నాటికి పుల్లబడిపోతుంది. వైన్ రసాన్ని మూసిన స్టీలు ట్యాంకులో, ఎంచుకున్న ఈస్టు వేసి, చుట్టూ చల్లటి నీళ్ళు తిప్పుతూ పులియబెడతారు. తెల్ల వైన్‌ని 12 నుంచి 18 డిగ్రీల మధ్య, ఎర్రదాన్ని 24 నుంచి 30 మధ్య ఉంచుతారు. పులియడం ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది. మిగతా నెలలు మడ్డి దిగడానికి, వగరు మెత్తబడటానికి. అంతసేపూ గాలి తగలకుండా చూడటమే పెద్ద పని.

ద్రాక్ష మన వైపు ఎందుకు లేదంటే క్యాలెండర్ చూడండి. చీపురుపల్లి గారు చెప్పిన రెండో కత్తిరింపు సెప్టెంబరు, అక్టోబరుల్లో. లేత చిగురు, పూత వచ్చేది సరిగ్గా మనకి తుఫాన్లు వచ్చే నెలల్లో. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో ఏళ్ళ నాటి కొబ్బరి, జీడి చెట్లే వేళ్ళతో లేచిపోయాయి, పందిరి మీద తీగ ఎక్కడ నిలుస్తుంది? గాలి రాకపోయినా ఆ తేమకి బూజు తెగులు ఆకుని వారంలో మాడ్చేస్తుంది. నాసిక్‌లో కూడా కోత ముందు అకాల వాన పడితే రైతు నిద్రపోడు.

జీడి పండు సంగతి నిజంగా బాధాకరం. విటమిన్ సి పుష్కలంగా ఉన్న పండు. కోసిన రోజే రసం తియ్యాలి, లేకపోతే చెడిపోతుంది, నోరు పట్టేసే వగరుని కూడా తొలగించాలి. మందు ఊసే వద్దు, షర్బత్, జామ్ చేసినా ఉద్దానం రైతుకి పండు మీద నాలుగు రూపాయలు వస్తాయి.

పలాస జీడి

బాగా చెప్పారు. ఆ మాటకొస్తే మన పలాస జీడి బట్టీలూ అలాంటి చిన్న చోట్లే. గింజ ఉడకబెట్టడం, కోయడం, పొట్టు తీయడం, గ్రేడు చెయ్యడం అంతా ఒక కప్పు కింద. 320 గ్రేడు అంటే పౌనుకి అన్ని పప్పులు అని అర్థం, మా ఊరి ఆడవాళ్ళు తూకం లేకుండా చేత్తో వేరుచేస్తారు. చూస్తామని వచ్చేవాళ్ళు లేరు. వస్తే చూపించడానికి చాలామంది సిద్ధమే.

సాలూరు టు ఫ్రీమాంట్

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నల కోసం రెండు ముక్కలు. అందరూ వైన్‌కి పేరున్న నాపాకే తీసుకెళ్తారు. నాపా కౌంటీలో 1990 నిబంధన తర్వాత వచ్చిన వైనరీలకి ముందు అపాయింట్‌మెంట్ ఉంటే తప్ప వెళ్ళకూడదు, ఖర్చు కూడా గట్టిగానే ఉంటుంది. మాకు దగ్గర్లో లివర్‌మోర్ ఉంది. అక్కడి వెంటీ, కన్కానన్ వైనరీలు రెండూ 1883లో మొదలైనవి. వాటి చుట్టూ టెస్లా రోడ్డు మీద ఇంటివాళ్ళు నడిపే చిన్నవి బోలెడు. ఇంకా లోడై వైపు వెళ్తే వందేళ్ళు దాటిన జిన్‌ఫండెల్ రకం ద్రాక్ష తీగలు, పందిరి లేకుండా మోడుల్లా నిలబడి ఉంటాయి. మా నాన్నగారు వాటి మొదలు చుట్టూ చేతులు వేసి చూసుకున్నారు. చాలాచోట్ల సీసా కొంటే రుచి చూసినందుకు తీసుకున్న ఫీజు వదిలేస్తారు. ఇక్కడ కోత ఆగస్టు చివర మొదలవుతుంది, వినాయక చవితి రోజుల్లో వస్తే చూడొచ్చు.

మారతహళ్ళి సిక్కోలు

బెంగళూరులో మన సిక్కోలు వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నా. నంది కొండల దగ్గర కన్వల్ గ్రోవర్ గారు 1988లో మొదలుపెట్టిన తోట ఇప్పటికీ చూడదగ్గదే. ఇంకా మనవాళ్ళకి తెలియాల్సింది హంపి హిల్స్ ప్రాంతంలోని కృష్మా అనే వైనరీ. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. ఫ్రాన్స్ ద్రాక్ష రకం కాబెర్నే సావిన్యోన్, ఇటలీ రకం సాంజొవేజే అక్కడి రాతి నేలలో పెంచారు. తెలుగువాళ్ళు ఇంత శ్రద్ధగా చేశారని తెలిసినప్పుడు నాకు నిజంగా గర్వమనిపించింది. ఇదీ ముందే అడిగి వెళ్ళాల్సిందే.

నాగావళి ఒడ్డు

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. ఇక రుచి చూసేటప్పుడు ఎలా మసలుకోవాలి? తెలియనివాళ్ళలా కనపడతామేమో అని మా ఆవిడకి కొంచెం టెన్షన్.

చీపురుపల్లి టు నాసిక్

తమ్ముడూ, ఆ బెంగ వద్దని అమ్మాయికి చెప్పు. తెలియదని చెప్తేనే వాళ్ళు శ్రద్ధగా చెప్తారు.

ఆ రోజు సెంటు రాసుకోవద్దు, మీకూ పక్కవాళ్ళకీ వాసన తెలియదు. పొద్దున్న ఆవకాయతో గట్టిగా తిని రావద్దు, నాలుక మొద్దుబారిపోతుంది. ఖాళీ కడుపుతోనూ రావద్దు. ఇడ్లీ తినండి. గ్లాసు కాడ పట్టుకోవాలి, గిన్నె పట్టుకుంటే చెయ్యి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తేలికవి ముందు, బరువైనవి తర్వాత. అంటే బుడగలది, తెల్లది, గులాబీ రంగుది, ఎర్రది, ఆఖరున తీపిది. ముందు వాసన చూడండి, తర్వాత చిన్న గుక్క నోరంతా తిప్పండి. ఆ తర్వాత ఉమ్మేయొచ్చు. పక్కనే దానికోసం పాత్ర పెడతారు. వైన్ చేసేవాళ్ళు అందరూ ఉమ్మేస్తారు, అది అవమానం కాదు. మధ్యమధ్య నీళ్ళు తాగండి. షుగరు, కిడ్నీ ఇబ్బందులు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా గ్లాసు పట్టుకోవద్దు.

అదృష్టం బాగుంటే పీపాల గదిలోకి తీసుకెళ్తారు. ఓక్ చెక్క పీపా ఒక్కోటి 225 లీటర్లు, అంటే 300 సీసాలు. పైన బిరడా తీసి, పొడుగాటి గాజు గొట్టం లోపలికి దింపి, బొటనవేలితో పై కన్నం మూసి పైకి తీస్తారు. వేలు వదిలితే గ్లాసులోకి ధార పడుతుంది. ఇంకా సీసాకి ఎక్కని వైన్ అది, కొంచెం గరుకుగా, వగరుగా ఉంటుంది. అదే తోటలో పోయినేడాది సీసా పక్కన పెట్టి ఇస్తే కాలం ఏం చేస్తుందో నాలుక మీదే తెలుస్తుంది. పెద్దచోట్ల ఇది దొరకదు.

రోజుకి రెండు వైనరీలు చాలు. మూడోదానికి వెళ్తే ఏదీ గుర్తుండదు. వాళ్ళు కోత పనిలో ఉండి మీకోసం రెండు గంటలు కేటాయించారంటే, వచ్చేటప్పుడు ఒక సీసా అయినా కొనండి. అది మర్యాద. మీకు వద్దనుకుంటే ఎండు ద్రాక్షో, రసమో అడగండి.

మోడరేటర్

కొన్ని రూల్స్ చెప్పాలి. మహారాష్ట్రలో వైన్‌కి 21 ఏళ్ళు నిండి ఉండాలి. జనవరి 26, అక్టోబరు 2 లాంటి రోజులు డ్రై డే, ఆ రోజు రుచి చూపించరు. వాహనం నడిపేవాళ్ళకి రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు, కాబట్టి డ్రైవర్ ఉన్న కారే మాట్లాడుకోండి, ఆయనకి భోజనం కూడా చూడండి. రైల్లో తాగితే రైల్వే చట్టం కింద నేరం. బయటి రాష్ట్రం సీసాలు ఆంధ్రాలోకి తేవడం మీద నిబంధనలు మారుతూ వచ్చాయి. బయల్దేరేముందు శ్రీకాకుళం ఎక్సైజ్ ఆఫీసులో అడగనిదే సీసా కొని పెట్టెలో పెట్టుకోవద్దు. అక్కడే తాగేంత కొనుక్కుంటే ఏ గొడవా ఉండదు.

నాగావళి ఒడ్డు

అయితే ఇలా అనుకుంటున్నాను. షిర్డీ, త్రయంబకం, పంచవటి ముందు అయిపోతాయి. ఆ మర్నాడు ఏ వైనరీ లేకుండా అమ్మానాన్నలకి విశ్రాంతి. తర్వాత రోజు పొద్దున్నే దిండోరి వైపు చిన్న తోటలో కోత, అందరం కలిసి. మధ్యాహ్నం వాళ్ళని గదిలో దింపి, నేనూ మా ఆవిడా ఇగత్‌పురి వైపు వెళ్తాం. ఆఖరి రోజు గంగాపూర్ డ్యామ్ దగ్గర అందరం. టీచరమ్మ గారు అడిగిన కూలి సంగతి కూడా కనుక్కుని ఇక్కడే రాస్తాను. ఏటంటారు?

చీపురుపల్లి టు నాసిక్

బాగుంది. ఒక్క మార్పు చెయ్యండి. తెల్లవారుజామున కోత చూసి మళ్ళీ మధ్యాహ్నం ఇగత్‌పురి అంటే కారులోనే నిద్రపోతారు. ఇగత్‌పురిని మరుసటి రోజుకి జరిపి, గంగాపూర్‌ని కోత రోజు సాయంత్రానికి పెట్టుకోండి, ఊరికి దగ్గరే. శని, ఆదివారాలు పడకుండా చూసుకోండి. దిండోరి వైపు తెలిసిన తోట ఒకటుంది, తేదీలు ఖరారయ్యాక నాకు మెసేజ్ పెట్టండి, వాళ్ళకి నేనే మరాఠీలో ఫోన్ చేసి చెప్తాను. పొద్దున్న బాగా చలిగా ఉంటుంది, అమ్మానాన్నలకి స్వెటర్లు, మఫ్లర్లు తెచ్చుకోండి.

బొబ్బిలి టీచరమ్మ

క్షేమంగా వెళ్ళి రండి నాయనా. కూలి సంగతి మరిచిపోవద్దు. ఆ పిల్లల చదువులు ఎలా సాగుతున్నాయో, కోతల రోజుల్లో బడికి ఎవరు పంపుతున్నారో అదీ అడగండి.